ఒక్క లైటు తక్కువ

గోదావరిఖనిలో సారవ్వ చేత తిట్లు తినని మనిషి ఉన్నాడంటే, వాడు నిన్ననే ఊళ్ళో దిగాడని అర్థం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన ఈమెకు ఊరనేదే ఉండకూడదు. కానీ జ్వరమొచ్చిన ఇంటికి మొదట జావ పట్టుకొచ్చేదీ ఆమే, మంచం పక్కన నిలబడి "వానల తడవమని ఎవడు చెప్పిండ్రా నీకు, పనికిమాలినోడా" అని కడిగేసేదీ ఆమే. తిట్టు లేకుండా సారవ్వ జావ తాగినవాళ్ళు లేరు. తాగినవాళ్ళలో చాలామంది తిట్టు గుర్తుపెట్టుకుని జావ మరిచిపోయారు. మనుషుల బుద్ధి అంతే.

ఆమె పనిచేసేది బాయి మీద. ఇక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. సారవ్వది లోపలికి దిగే పని కాదు, ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర కూర్చునే పని. దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆమెకిచ్చి, టోపీకి తగిలించుకునే లైటు తీసుకోవాలి. పైకి వచ్చాక లైటు తిరిగిచ్చి బిళ్ళ తీసుకుపోవాలి. గోడకు ఎన్ని బిళ్ళలు వేలాడుతుంటే అంతమంది ఇంకా లోపల ఉన్నట్టు. చదువు రానివాడు కూడా చూసి చెప్పగలిగే సంగతి.

ఇంత సులువైన పద్ధతిని కూడా మనవాళ్ళు దోస్తానా పేరుతో పాడుచేశారు. పైకి రాగానే స్నానానికి ఉరికేవాడు తన లైటు పక్కవాడి చేతిలో పెట్టిపోతాడు. పక్కవాడు మూడు లైట్లు భుజాన వేసుకొచ్చి ముగ్గురి బిళ్ళలూ అడుగుతాడు. ఇంకొందరు మహానుభావులు సగం షిఫ్టులోనే పైకొచ్చి, లైటు గేటు బయట మక్సూద్ హోటల్లో పెట్టి ఇంటికి చెక్కేస్తారు. షిఫ్టు వదిలాక ఎవడో ఒకడు దాన్ని తెచ్చి ఇస్తాడు. వేరేవాళ్ళు కిటికీలో ఉన్న వారం ఇది నడుస్తుంది. సారవ్వ ఉన్న వారం నడవదు.

"నీ లైటు నువ్వే ఇయ్యాలె. నీ మొఖం నేను చూడాలె," అంటుంది. "లైటుకు మొఖం ఉంటదారా?"

సారవ్వ చర్చికి పోయే మనిషి గనక దీనికి వాళ్ళు పెట్టిన పేరు చర్చి పోలీసు. ఆ పోలీసే రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్ళను లైనులో నిలబడనివ్వకుండా ముందు పిలిచి లైట్లు ఇచ్చేది. "ఎండల నిలబడి పడిపోతే మోసేదెవరు, నీ అయ్యనా?" అని ఖైజర్‌ను కసిరి మరీ లోపలికి పంపేది. ఖైజర్ నవ్వుకుంటూ పోయేవాడు. అతనొక్కడికి ఆ కసురు అర్థమైంది.

సారవ్వ కోపానికి పుట్టుక తొమ్మిదేళ్ళ కింద ఉంది. అప్పుడు ఆమె భర్త ఏలియా గుండె ఆగి పోయాడు. సర్వీసులో ఉండగా పోతే కంపెనీ ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తుంది. సారవ్వ కాగితాలు పెట్టుకుంది. నెల తిరక్కుండానే పై ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం పోయింది. ఈమె ఏలియాకు పెళ్ళామే కాదు, చర్చిలో జరిగిన ఆ పెళ్ళి పెళ్ళే కాదు, ఫలానా తారీఖున నలుగురిని కూర్చోబెట్టి భోజనం పెట్టారంతే, విచారణ జరిపించగలరు అని. ఇక విచారణ మొదలైంది. మన దగ్గర విచారణ మొదలవడమే, ముగియడం ఉండదు. రెండేళ్ళు పట్టింది ఆమె తన మొగుడికి పెళ్ళామని రుజువు చేసుకోవడానికి.

ఆ రెండేళ్ళలో కంపెనీ ఇచ్చిన క్వార్టర్ పోయింది. మూల మీది క్వార్టర్, వెనక రెండు కరివేపాకు చెట్లుండేవి. అది బాయిలో నీళ్ళు తోడే పంపు దగ్గర పనిచేసే లింగమూర్తికి వచ్చింది. ఏలియాకు జిగిరీ దోస్తు, పెళ్ళికి వచ్చి రెండుసార్లు వడ్డించుకుని తిన్నవాడు. కూతురు మమత ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో ఆపేసి చౌరస్తా దగ్గర టైలర్ దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చుంది. అప్పుడు కూర్చున్న పిల్ల ఇప్పటికీ లేవలేదు.

ఉత్తరం ఎవరు రాశారో సారవ్వకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. పెళ్ళి తారీఖు అంత ఖచ్చితంగా తెలిసినవాడు, క్వార్టర్ మీద కన్నున్నవాడు ఒక్కడే. రుజువు లేదు గనక నలుగురిలో నోరు మూసుకుంది. సారవ్వ జీవితంలో నోరు మూసుకున్న సంగతి అదొక్కటే, అందుకే అది లోపల అంత మండింది.

ఆ రోజుల్లో ఆమె చర్చికి పోవడం మానేసింది. అద్దెకు తీసుకున్న గదిలో తలుపు గడియ వేసుకుని పడుకునేది. దేవుడు ప్రేమ అంటారు గదా, ఆ ప్రేమ వచ్చి ఆఫీసులో సంతకం పెట్టమనండి అనేది. చర్చి నుంచి పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసిపోయాడు. సంఘం వాళ్ళు ఒకసారి వచ్చారు, రెండోసారి రాలేదు. తిట్టించుకోవడానికి ఎవరు వస్తారు? లింగవ్వ ఒక్కతి వచ్చింది. డెబ్బై దాటిన ముసలిది, చర్చి ఊడ్చే మనిషి. రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బాతో వచ్చి గడప బయట కూర్చునేది. ఒకరోజు సారవ్వ తలుపు తెరిచి ఆ డబ్బా లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. లింగవ్వ మెతుకులన్నీ ఏరి కోళ్ళకు వేసి, డబ్బా కడుక్కుని పోయింది. మర్నాడు అదే వేళకు అదే డబ్బాతో వచ్చింది.

"నీకు సిగ్గు లేదా అవ్వా?" అని అరిచింది సారవ్వ.

"దేవుడు నన్ను పిలిస్తె నేను ఎంత కాలానికి వచ్చిన్నో నీకెరుకనా? యాభై ఏండ్లకు," అంది లింగవ్వ. "అన్నేండ్లు ఆయన నా వాకిట్లనే కూసున్నడు, యాష్టపడలే, ఇసుక్కోలే. నేను నీకోసం నెల రోజులు కూసోలేనా?"

ఆ రోజు సారవ్వ అన్నం తింది. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ తింది. లింగవ్వ చనిపోయి ఇప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో సారవ్వ తన గంటెతో ఎన్ని ఇళ్ళల్లో జావ పోసిందో ఆమెకే లెక్క లేదు. లింగవ్వ మెత్తదనం మాత్రం ఆమెకు రాలేదు. రానిది ఎక్కడ తెస్తుంది? ఉన్న నోటితోనే చేసుకుపోయింది.

లింగమూర్తిని క్షమించమని పాస్టరయ్య చెప్పినప్పుడల్లా ఆమెది ఒకటే జవాబు. "పొద్దుందాక క్షమిస్తనయ్యా. పొద్దూకంగ బిడ్డ మిషను కాడికెళ్ళి నడుం పట్టుకుని వస్తది. మల్ల మొదటికొస్త."

ఇప్పుడు ఆ గురువారం సంగతి.

మొదటి షిఫ్టు మధ్యాహ్నం మూడింటికి పైకి వచ్చింది. లైట్లన్నీ వచ్చాయి. ఒక్కటి తక్కువ. గోడ మీద ఒక్క బిళ్ళ మిగిలింది, నూట ముప్పై ఏడు. లింగమూర్తిది.

ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు. నెలకు నాలుగుసార్లు ముందే వెళ్ళిపోయే మనిషి. పాత గ్యాలరీ సొరంగం చివర ఒంటరిగా పంపు నడుపుతాడు, ఆ పంపు మొదటి షిఫ్టులోనే నడుస్తుంది, పక్కన పలకరించేవాడు ఉండడు. లోపలి మనుషుల లెక్క చూడాల్సిన మొదటి షిఫ్టు ఓవర్‌మెన్ అంతదూరం ఎవడు పోతాడని అందరూ పైకొచ్చినట్టు పుస్తకంలో రాసేసి ఇంటికి పోయాడు. సారవ్వ మక్సూద్ హోటల్‌కు ఫోన్ చేసింది. "ఈ దినం ఏ లైటూ నా దగ్గర పెట్టలేదక్కా," అన్నాడు మక్సూద్.

ఆమె ఫోన్ పెట్టేసి, ఛాయ్ గ్లాసు పట్టుకుని వెనక కిటికీ దగ్గర నిలబడింది. అక్కడి నుంచి బండ్ల షెడ్డు కనిపిస్తుంది. షెడ్డులో లింగమూర్తి ఎర్ర బండి ఉంది.

బండి ఉంది, మనిషి లేడు. అంటే లోపలే ఉన్నాడు.

ఇక్కడ సారవ్వ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమెకు ఆ క్షణం సంతోషమైంది. కడుపు చల్లబడినంత సంతోషం. చీకట్లో కూర్చో, పిలిస్తే ఎవడూ పలకని చోట కూర్చో, నేను రెండేళ్ళు కూర్చున్నా అనుకుంది. ఛాయ్ ఊదుకుంటూ తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అక్కడే నిలబడింది. మొత్తం పావుగంట.

ఆ పావుగంట చివర ఆమెకు పైనుంచి ఏ దేవుడి స్వరమూ వినిపించలేదు. తన మీద తనకు అసహ్యమేసింది, అంతే. తలుపు గడియ వేసుకున్న తనకోసం ఒక ముసలి ప్రాణం గడప బయట ఎండలో కూర్చుంది. ఈ పూట లోపలున్నవాడికి బయట ఉన్నది తనొక్కతే. ఆ తను ఛాయ్ తాగుతూ నిలబడింది.

మూడున్నరకు రెండో షిఫ్టు లైనులో నిలబడింది. సారవ్వ కిటికీ మూసేసింది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని బయటికొచ్చి నిలబడింది.

లైనులో ముందున్నది మొగిలి, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. "ఏంది సారవ్వా? జల్ది ఇయ్యి, టైమైతాంది."

"ఒక లైటు రాలే. అది వచ్చేదాక ఒక్కటి గూడ లోపలికి పోదు."

"ఎవరిది?"

"లింగమూర్తిది."

లైనంతా గొల్లుమంది. వెనక నుంచి ఒకడు అరిచాడు, "దొరికిండ్రా లింగమూర్తి! పారిపోయిండని చార్జ్‌షీట్ ఇప్పిస్తది ఇగ!" ఇంకొకడు, "తొమ్మిదేండ్ల పగ అన్నా, ఊకెనే పోతదా?" అన్నాడు. చూడండి మరి. ఏలియా దోస్తు ఉత్తరం రాసిన సంగతి రుజువు లేక ఆమె బాయి మీద ఒక్కరితోనూ అనలేదు గానీ, అక్కడ అందరికీ తెలుసు. తెలిసి తొమ్మిదేళ్ళు నోరు విప్పనివాళ్ళు, ఇప్పుడు పగ పగ అని నవ్వుతున్నారు. ఆమె జీవితంలో చేసిన ఒక్క కష్టమైన మంచి పని వాళ్ళ కంటికి పగలాగే కనిపించింది.

సారవ్వ వివరించబోలేదు. "అవును, పగనే," అంది. "పగతోనే అంటున్న. వాడు లోపల ఉన్నడు. పోయి చూసి రాండ్రి."

అండర్ మేనేజర్ వచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు, ఇస్త్రీ చెదరని చొక్కా. "ఏంటమ్మా ఇది? ప్రొడక్షన్ ఆగిపోతోంది. మనుషులు బయటికొచ్చినట్టు ఓవర్‌మెన్ రాశాడు."

"ఓవర్‌మెన్ రాసిండు సారూ. నేను చూసిన. నా గోడ మీద బిళ్ళ ఉన్నది."

"అతను మధ్యలో వెళ్ళిపోయే రకమని అందరూ చెబుతున్నారు."

"బండి ఇడిసిపెట్టి నడుసుకుంట పోయిండా? కాళ్ళు నొప్పైతయని బాత్రూంకు గూడ బండి మీద పోయే మనిషి!"

"కిటికీ తెరుస్తావా, సస్పెండ్ చేయమంటావా?"

సారవ్వ కొంగున ఉన్న తాళంచెవి ముడి తడుముకుంది. రెండేళ్ళు పోరాడి తెచ్చుకున్న ఉద్యోగం. అది పోతే అద్దె గది పోతుంది, మమత మిషను మీద ఇంకో మిషను పెట్టుకున్నా ఇల్లు గడవదు. ఎవడికోసం? ఆ ఉద్యోగాన్ని పుట్టకముందే చంపాలని చూసినవాడికోసం. ఆమెకు దేవుడి మీద ఒళ్ళు మండిపోయింది. ఇంకెవడూ దొరకలేదా నీకు అని మనసులో కేకేసింది. నా చేతికి వీణ్ణే ఇచ్చినవా? వీడు బతకకపోతే ఊకోను, వీడు బతికినా నీతోని పంచాయితి ఉంది నాకు.

పైకి మాత్రం, "చెయ్యిండ్రి సారూ," అంది. "కాయితం రాసుకచ్చేలోపల ఇద్దర్ని దింపుండ్రి. లోపల మనిషి లేకుంటె నా ఉద్యోగం తీసుకోండ్రి, నేనే సంతకం పెట్టి ఇస్త."

అప్పుడు ఖైజర్ లైనులోంచి బయటికొచ్చాడు. షెడ్డు దాకా పోయి బండి సీటు మీద చెయ్యి పెట్టి చూసి వచ్చాడు. "పొద్దుటి దుమ్ము పొద్దుటి లెక్కనే ఉన్నది సార్. బండి కదలలే. ఇంటికి ఫోన్ చేసిన, ఆడికి గూడ పోలే. నేను దిగుత."

"నేను గూడ," అన్నాడు మొగిలి. అతను నవ్వడం ఎప్పుడో ఆపేశాడు.

సారవ్వ తాళం తీసి మూడు లైట్లు ఇచ్చింది. ఒకటి మొగిలికి, ఒకటి ఖైజర్‌కు, ఒకటి రెండో షిఫ్టు ఓవర్‌మెన్‌కు. మళ్ళీ తాళం వేసింది. వాళ్ళు దిగి నలభై నిమిషాలైంది. ఎండలో నిలబడ్డ లైను ఆమె తల్లినీ తండ్రినీ చర్చినీ ఏదీ వదలకుండా తిట్టింది. సారవ్వ బాయి మూతి దగ్గర నిలబడింది, ఒక్కసారీ బదులు చెప్పలేదు. సారవ్వ ఊరుకుందంటేనే వాళ్ళకు అనుమానం రావాల్సింది.

ఆ తర్వాత లోపలి నుంచి ఫోన్ వచ్చింది. స్ట్రెచర్ పంపమని.

పైకప్పు నుంచి పెద్ద రాతి పెళ్ళ ఊడి లింగమూర్తి కాలు మీద పడింది. పొద్దున పదకొండింటికి పడింది. ఫోను నాలుగు గజాల దూరంలోనే ఉంది, అతని చేతికి అందలేదు. కిందంతా నెత్తురు. పంపు ఆగిపోయి, కూలబడ్డ మనిషికి నీళ్ళు నడుము దాకా లేచాయి. ఇంకో గంటయితే తల దాకా వచ్చేవని మొగిలి చెప్పాడు. రెండో షిఫ్టు మొత్తం ఆ దారి తొక్కేదే కాదు. మర్నాడు పొద్దుట పంపు నడపడానికి పోయేవాడికే అతను దొరికేవాడు.

స్ట్రెచర్ పోతుంటే లైను రెండుగా చీలి దారిచ్చింది. సారవ్వ లింగమూర్తి టోపీ మీది లైటు విప్పి తీసుకుంది, నూట ముప్పై ఏడో బిళ్ళ అతని జేబులో పెట్టింది. తర్వాత కిటికీ తెరిచింది. "ఇప్పుడు ఏమైందిరా నోళ్ళు? రాండ్రి, లైట్లు తీసుకపోండ్రి!" అని ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

సన్మానం జరిగిందేమో అనుకునేరు. వారం తిరక్కుండా ఆమెకు ఒక కాగితం వచ్చింది. రెండో షిఫ్టు గంటకు పైగా ఆలస్యం కావడానికి మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని. పుస్తకంలో రాసేసి ఇంటికి పోయిన ఓవర్‌మెన్‌కు మాత్రం ఏ కాగితమూ రాలేదు. చర్చిలో పాస్టరయ్య ఆదివారం సాక్ష్యం చెప్పమన్నాడు. శత్రువును ఎలా ప్రేమించిందో సంఘానికి చెప్పమన్నాడు. "ప్రేమించలేదయ్యా, అబద్ధం చెప్పమంటరా?" అని లేచి వచ్చేసింది.

వచ్చేసి అన్నం డబ్బా కట్టింది. లింగమూర్తి భార్య బీపీ మనిషి, రోజూ దవాఖానకు తిరగలేదు. మమత చూసి గిన్నె దబ్బున పెట్టింది.

"నా సదువు తిన్నోనికి అన్నం గూడ తినిపిస్తవా అమ్మా?"

"తినిపిస్త."

"నేను వండను."

"నిన్ను ఎవరు వండుమన్నరు?" అంది సారవ్వ. కూతురి కోపం న్యాయమైందని ఆమెకు తెలుసు. ఆ మాట అనలేకపోయింది, అందుకే ఇంకా కోపంగా వెళ్ళింది.

దవాఖానలో లింగమూర్తి కాలికి రాడ్లు వేసి పడుకోబెట్టారు. ఆమెను చూడగానే రెండు చేతులూ జోడించాడు. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "దేవతవు వదినా. నా పాలిట దేవతవు."

"సప్పుడు చెయ్యకు!" అంది సారవ్వ. పక్క మంచాల వాళ్ళు తలలెత్తి చూశారు. "దేవత గీవత అన్నవంటె డబ్బా పట్టుకపోత. బండి చూసిన నేను. నువ్వు లోపల ఉన్నవని ఎరుకైనంక పావుగంట నిలబడి ఛాయ్ తాగిన. సంతోషంగ తాగిన. నువ్వు ఆడ నెత్తురు పోయి పడి ఉన్నవు, నేను ఈడ ఊదుకుంట తాగిన. అది ఇనుకో ముందుగాల."

లింగమూర్తి చేతులు దించాడు.

"ఆ ఉత్తరం నేనే రాసిన," అన్నాడు.

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"మొదటి దినం సంది. మా పెండ్లి తారీఖు మా అత్తకు గూడ యాదికుండది, నీకు ఉన్నది."

"ఎరుకుండి నాకోసం ఉద్యోగం పణం పెట్టినవా?" మనిషి పిల్లాడిలా ఏడ్చాడు. "క్వార్టర్ కోసం రాసిన వదినా. ఒక్క క్వార్టర్ కోసం. నన్ను మాఫ్ చెయ్యి. మమత బిడ్డతోని గూడ చెప్పు, మాఫ్ చెయ్యమను."

సారవ్వ డబ్బా మూత తీసింది. పప్పన్నం కలిపి, అతని చెయ్యి అందేట్టు పొట్ట మీద పెట్టింది.

"నా సంగతి నేను చూసుకుంట. పొద్దుగాల మాఫ్ చేస్త, పొద్దూకి మల్ల తిడత, దేవుడు నన్ను ఇడిసిపెట్టలే గనక నేను నిన్ను ఇడిసిపెట్ట. బిడ్డ సంగతి నా చేతుల లేదు. దాని తరఫున నేను మాఫ్ చెయ్య. కాలు బాగైనంక నువ్వే పో. టైలర్ దుకాణంల దాని మిషను ముంగట నిలబడి, పదిమంది ఇనంగ ఆ ఉత్తరం నేనే రాసిన్నని చెప్పు. అది ఏమంటే అది పడు. మొఖం మీద ఉమ్మేస్తే తుడుసుకో."

లింగమూర్తి తలూపాడు. చెయ్యి మాత్రం అన్నం మీద పెట్టలేకపోయాడు.

"తినవేంది?"

"నీ కోపం పోలే గద వదినా. ఎట్ల తినాలె?"

"అది పోయేదాక ఆగితే ఆకలికి సస్తవు," అంది సారవ్వ. "తిను."